ముందు చక్రముల చిన్న కారునకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్

చిన్న కారును వేగముగ నడపుటయందు ఆసక్తి గలవారు ఇంజనునకు కొంత బలము చేకూర్చి, మంచి టైర్లు తొడిగి, బ్రేకులు సరిచేసికొనిన పిమ్మట, మలుపునుండి బయటపడు వేళ లోపలి ముందు చక్రము కీచుమని అరచుచు వట్టినే గిరగిర తిరుగుటయు, కారు మూతి మలుపునకు బయటివైపునకు జారిపోవుటయు చూచి, ఇక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్.ఎస్.డి.) అమర్చక తప్పదను నిశ్చయమునకు వత్తురు. అప్పుడు వారు అడుగు మొదటి ప్రశ్న, "ఇది రెండు చక్రములను ఎంత గట్టిగా కలిపి పట్టును?" అనునది. వెనుక చక్రములచే నడచు కార్ల విషయమున ఈ ప్రశ్న సమంజసమే. కాని ముందు చక్రములచే నడచు కారునందు బండిని లాగు చక్రములే దారి చూపు చక్రములు కూడ నగుటచేత, అచ్చట అడుగవలసిన ప్రశ్న వేఱు: ఈ కారు స్టీరింగు ఎంత పట్టును ఓర్వగలదు, మలుపునందు ఏ ఘట్టమున ఓర్వగలదు? ఈ ప్రశ్నను దృష్టియందుంచుకొని నేడు దొరకు రకములన్నిటిని ఒకమారు పరిశీలింతము. ప్రధానోదాహరణముగ నేను గ్రహించునది 1959లో బ్రిటనున అలెక్ ఇసిగోనిస్ రూపకల్పనమున వెలువడిన మినీ; ఏలయన ఈ సాధనము చిన్న కారునకు తెచ్చిపెట్టు మేలును, దానివెంట వచ్చు చిక్కులును అంత విస్పష్టముగ చూపిన కారు నాకు మఱియొకటి కానరాదు.

కారు మలుపు తిరుగునపుడు బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. రెండు చక్రముల నడిమి వెడల్పు, మినీయందువలె, సుమారు 1.2 మీటర్లైనచో, కారు ఒక పూర్తి చుట్టు తిరిగివచ్చునప్పటికి బయటి చక్రము దాదాపు 7.5 మీటర్లు అధికముగ దొర్లును. ఆ చుట్టు వీధి మొగలో తిరిగినంత చిన్నదైనను, ఊరిచెరువును చుట్టివచ్చునంత పెద్దదైనను ఈ భేదము మారదు. ఈ భేదమునకు చోటిచ్చుటకై 1820ల చివర ఫ్రెంచి గడియార నిర్మాత ఒనెసిఫోర్ పెకర్ తన ఆవిరి బండికి కల్పించిన డిఫరెన్షియల్ అను గేర్ల కూర్పే నేటికిని దాదాపు ప్రతి కారునందును, పెద్దగ మారక, పని చేయుచున్నది. అది రెండు చక్రములకు వేఱు వేఱు వేగములనిచ్చును గాని, త్రిప్పుబలమును మాత్రము ఎల్లప్పుడు సరిసమానముగనే పంచును. ఆ సమానత్వమే దాని గుణము, దాని దోషము. నడుమ చీలపై ఊగు కాడికి కట్టిన రెండెడ్లలో బలహీనమైనది ఎంత లాగిన బలమైనదియు అంతే లాగగలిగినట్లు, పట్టు తప్పిన చక్రము మోయగల బలమునకు మించి పట్టున్న చక్రమునకు ఒక వీసమైనను చేరదు.

లెక్క వేసి చూచిన విషయము తేటపడును. మలుపులో భారము బయటివైపునకు ఒరిగియున్నపుడు లోపలి చక్రము 60 కిలోల లాగుబలమును మాత్రమే నేలకు అందింపగలదనియు, బయటి చక్రము 200 కిలోల బలమును అందింపగలదనియు అనుకొందము. మామూలు డిఫరెన్షియల్ లోపలికి 60, బయటికి 60 చొప్పున మొత్తము 120 కిలోలు మాత్రమే ఇచ్చును. తక్కిన యింజను బలమెల్ల లోపలి టైరును అరగదీయుటకే ఖర్చగును. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో మొత్తము 260 లభించును గాని కారు మలుపు తిరుగనొల్లదు. ఈ రెండంచుల నడుమ ఎక్కడ నిలువవలెనో నిర్ణయించుటయే ఎల్.ఎస్.డి. ఎంపికలోని సారాంశము. పైగా ముందు చక్రముల కారునకు మఱియొక ప్రతికూలత కలదు: వేగము పెంచినకొలది భారము వెనుకకు, అనగా లాగని చక్రములమీదకు, పోవును. వెనుక చక్రముల కారునకు యాక్సిలరేటరు నొక్కుటే కొంత పట్టు తెచ్చిపెట్టుచుండగా, దీనికి అదే పట్టును హరించును.

ఈ సాధనము పుట్టినదంతయు వెనుక చక్రముల లోకమునందే. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ పందెపు కార్లు, ఇంజను వెనుకనుండి అపారమైన బలముతో చక్రములను త్రిప్పుచు, మంచి వేగముమీద నున్నపుడు సైతము లోపలి చక్రమును నిలుపుకొనలేకపోగా, జర్మనీయందలి జెడ్.ఎఫ్. సంస్థ వానికై జారుటను అరికట్టు డిఫరెన్షియలును తయారుచేసెను. అమెరికాయందు 1956లో ప్యాకార్డు, ఆ వెంటనే షెవ్రొలే, బురదయందును మంచునందును చిక్కుకొనకుండుటకై సామాన్య కొనుగోలుదారునకు దీనిని అందించిరి. ఈ చరిత్ర ఫలితముగ వర్కుషాపులలో వ్యాపించిన జ్ఞానములో అధిక భాగము వెనుక చక్రముల అనుభవమునుండి వచ్చినదే. దానిని యథాతథముగ ముందు చక్రములకు వర్తింపజేయుటవలననే ఎన్నో చిన్న కార్లు, చేతులు నొప్పిపుట్టించు మొండి స్టీరింగుతో, మలుపులోనికి దిగనొల్లని మూతితో మిగిలిపోవుచున్నవి.

స్టీరింగునకు కలుగు బాధ యెట్టిదో కొంచెము నిదానించి చూడవలెను. ప్రతి ముందు చక్రమును దారి మార్చుటకై ఒక వాలు అక్షము చుట్టు తిరుగును. చక్రమును ముందునకు లాగు బలము ఆ అక్షముగుండ సరిగా పోక, దానికి కొంత వెలుపలగ పోవుటచేత, ప్రతి చక్రమును తన బలము కొలది స్టీరింగును తనవైపునుండి లోనికి త్రిప్పజూచును. ఎడమ కుడి బలములు సమానములైనంతకాలము ఈ రెండు తోపుళ్లు స్టీరింగు ర్యాకునందు ఒకదానినొకటి చంపుకొనును. మామూలు డిఫరెన్షియల్ సమానత్వమువలన కలుగు, ఎవరును గమనింపని ఉపకారమిది. బయటి చక్రమునకు అధిక బలము పంపిన క్షణముననే ఆ సమతూకము చెదరి, స్టీరింగు దానంతట అదియే మలుపులోనికి తిరుగజూచును. తారురోడ్డు ఒక ప్రక్కకు వాలియున్నచోట, ఒక చక్రము ఇసుకమీదను ఒకటి గట్టినేలమీదను ఉన్నచోట, ఈ లాగుడు తిన్నని దారిలోనే చేతులకు తగులును. కనుక ఏ రకము ఎంత బలమును ప్రక్కకు మళ్లించుననుట యెంత ముఖ్యమో, ఆ మళ్లింపు ఎంత మెత్తగ, ఎంత క్రమముగ జరుగుననుట అంతకంటె ముఖ్యము.

ఇంతకంటె సూక్ష్మమైన విషయమొకటి గలదు. దీనిని గ్రహింపక కొన్నవారే పిమ్మట చింతించువారు. ఏ రకమైనను ఎల్.ఎస్.డి. బలమును "బయటికి" పంపదు. త్వరగా తిరుగు చక్రమునుండి మెల్లగా తిరుగు చక్రమునకు పంపును. మలుపులోనికి దిగునపుడు, లోపలి చక్రము ఇంకను నేలను పట్టియుండగా, త్వరగా తిరుగునది బయటి చక్రమే, అప్పుడు ఎల్.ఎస్.డి. లోపలి చక్రమునకే అధిక బలమిచ్చి కారును మలుపునుండి వెలుపలికి తోయును. లోపలి చక్రము పట్టు తప్పి బయటిదానికంటె త్వరగా తిరుగ నారంభించిన పిమ్మటనే బలము బయటికి మళ్లి కారు మూతి లోనికి వచ్చును. మొదటి ఘట్టమున ఎంత తక్కువగను, రెండవ ఘట్టమున ఎంత తగినంతగను అది పని చేయునో, ముందు చక్రముల కారునకు అది అంత మంచిది.

ఇప్పుడు మినీ లోపలికి తొంగి చూతము. ఇసిగోనిస్ ఇంజనును అడ్డముగ నిలిపి, గేర్ బాక్సును దాని క్రిందనే నూనె తొట్టియందు ఇమిడ్చి, డిఫరెన్షియలును వెనుకవైపున అదే పెట్టెకు అతికెను. అందుచేత ఇంజను బేరింగులను, గేర్ల పళ్లను, డిఫరెన్షియలును తడుపునది ఒకే నూనె, అనగా వాడుకలో 20డబ్ల్యు-50 ఇంజన్ ఆయిల్. 848 సి.సి.ల తొలి మినీయొక్క 34 హార్స్ పవరునకు ఈ కూర్పు హాయిగ సరిపోయెను. 1961లో కూపర్ 55 హార్స్ పవరుతోను, 1964లో 1275 కూపర్ ఎస్ 76 హార్స్ పవరుతోను వచ్చునప్పటికి మొదటి బలహీనత బయటపడెను. మామూలు మినీ డిఫరెన్షియలునందు రెండు చిన్న పినియన్లు ఒకే సన్నని పిన్నుపై తిరుగును. తిన్నగ పోవునపుడు అవి ఆ పిన్నుపై కదలనే కదలవు. ఒక చక్రము నిలిచి మఱియొకటి వట్టిగా తిరిగినపుడు, ఆ తిరుగునది క్రౌన్ వీల్, అనగా డిఫరెన్షియలును త్రిప్పు పెద్ద గేరు, వేగమునకు రెట్టింపు వేగమున తిరుగును. పినియన్లు పిన్నుపై బొంగరములై, వాని నడుమనుండి నూనె వెడలిపోయి, లోహము లోహమును కొఱుకును. పాత మినీలనుండి తీసిన పిన్నును వెలుగున పట్టి చూచిన, పినియన్లు తిరిగిన రెండు చోట్ల అది నీలిరంగుకు తిరిగి, గరగరలాడు గాడి పడియుండుట కనబడును. ఉపేక్షించినచో అది విరిగి, ఆ ముక్క పెట్టెనే పగులగొట్టును. కావున మినీయందు లోపలి చక్రము గిరగిర తిరుగుట వేగనష్టము మాత్రమే కాదు, యంత్రమునకు ప్రాణాపాయము. పందెములకు ఎల్.ఎస్.డి. వలదనుకొన్నవారు సైతము కనీసము నాలుగు పినియన్లుగల క్రాస్ పిన్ డిఫరెన్షియలునకు మారుట యీ కారణముచేతనే.

ప్లేట్ల రకమును మొదట చూతము. పందెముల లోకమున చిరకాలముగ పాదుకొనినది అదియే. సాలిస్‌బరీ రకమని పేరుపడిన ఈ కూర్పునందు, డిఫరెన్షియల్ డబ్బాకు ఒక ప్లేటు, చక్రపు గేరునకు ఒక ప్లేటు చొప్పున ఏకాంతరముగ పేర్చిన దొంతరలు ఇరుప్రక్కల నుండును. పినియన్ల పిన్ను కొసలు రెండు ఒత్తుడు రింగులలోని వాలు గాళ్ళలో ఆనియుండి, ఇంజను బలము తగిలినపుడు ఆ వాలుపై ఎక్కుచు రింగులను ఎడముగ నెట్టి ప్లేట్లను బిగించును. ఎంత బిగించుననునది ఆ వాలు కోణమును బట్టి యుండును: 45 డిగ్రీల వాలు తాకిన బలమునకు సమానమైన ఒత్తిడిని పుట్టించును, 60 డిగ్రీలది దానిలో 58 శాతమే, 30 డిగ్రీలది 173 శాతము, 90 డిగ్రీలనగా నిట్టనిలువు గోడ కనుక ఏమియు పుట్టింపదు. కోణమును ఏ గీతనుండి కొలిచినదియు విక్రేతను తప్పక అడిగి తెలిసికొనవలెను. ఇంజను లాగునపుడు ఒక వాలు, యాక్సిలరేటరు వదలినపుడు ఎదుటివైపు వాలు పని చేయును. రెండువైపుల సమముగ బిగించునది టూ వే, లాగునపుడు మాత్రమే బిగించునది వన్ వే, వదలినపుడు కొంచెముగ బిగించునది ఒకటిన్నర వే అని జపానులోని పందెపు వర్కుషాపులనుండి వ్యాపించిన వాడుక.

పైన చెప్పిన సూక్ష్మమును ఇచ్చట వర్తింపజేసిన టూ వే ముందు చక్రములకు ఏల తగదో విశదమగును. మలుపులోనికి దిగుచు యాక్సిలరేటరు వదలి, బ్రేకు తాకించి, స్టీరింగు త్రిప్పు వేళ అది రెండు చక్రములను కట్టివేసి కారును తిన్నగ పొమ్మనును. వెనుక చక్రముల కారునందు ఆ స్థిరత్వము వరము, ఇచ్చట శాపము. వన్ వే మలుపులోనికి స్వేచ్ఛగ దిగనిచ్చును. చిన్న కార్లు వేగమున యాక్సిలరేటరు హఠాత్తుగ వదలినపుడు వెనుకభాగము తేలి చిందులు వేయు స్వభావము గలవి కనుక, అట్టి కారును అదుపునందుంచుటకు ఒకటిన్నర వే కొంత మేలు చేయును. నా అభిప్రాయమున తారుమీది పందెములకు వన్ వే, మట్టిదారుల ర్యాలీలకు తేలికపాటి ఒకటిన్నర వే యుక్తము. ఇక ప్రీలోడ్ అనబడు తొలి బిగింపు, అనగా ఇంజను బలము లేకున్నను స్ప్రింగులచే ప్లేట్లపై నిత్యమును ఉండు ఒత్తిడి, వాలు కోణముకంటె ఎక్కువగ నిత్యానుభవమును శాసించును. అది హెచ్చినచో ఇరుకు సందులో కారును త్రిప్పునపుడు టైర్లు కొట్టుకొని, లోపల ప్లేట్లు టకటక శబ్దము చేయును. వానలో ఒకటి జారిన రెండును కలిసి జారి స్టీరింగు పూర్తిగ వట్టిపోవును. ముందు చక్రములు రెండును ఒకేమారు జారుటకంటె భయంకరమైనది ఈ జాతి కారునందు లేదు.

ప్లేట్ల రకమునకు మూల్యము అరుగుదల. ప్లేట్లు రాపిడివలననే పని చేయునవి కనుక రాపిడితోనే క్షీణించును. ప్రీలోడ్ క్రమముగ తగ్గుచు, ఒకనాటికి మామూలు డిఫరెన్షియలుతో సమానమగును. ఇతర కార్లయందు ఈ అరుగుదల పొడి గేర్ బాక్స్ నూనెయందే మిగులును, ఎల్.ఎస్.డి.కి ప్రత్యేకించిన నూనె పోసి సరిపుచ్చవచ్చును. మినీయందో, ఆ పొడియే ఇంజను బేరింగులకు పోవు నూనెలో తేలును. ఫిల్టరు కొంత పట్టును, తొట్టి అడుగున బిరడాకు అమర్చిన అయస్కాంతము కొంత పట్టును. నూనె మార్చునపుడు ఆ బిరడాను విప్పి, కొసకు అంటిన నల్లని ముద్దను వేలితో నలిపి చూచుట మినీ పందెపువారికి పరిపాటి: మెత్తని ముద్ద ఐన సాధారణము, మెరయు లోహపు పొరలు తగిలిన పెట్టె విప్పవలసినదే. నూనెను తరచుగ మార్చుటకు సిద్ధపడనివాడు మినీయందు ప్లేట్ల రకమును తలపెట్టరాదు.

రెండవది గేర్ల రకము. అమెరికన్ వెర్నాన్ గ్లీజ్‌మన్‌కు 1958లో పేటెంటు లభించిన కల్పన కాలక్రమమున టోర్సెన్ అను పేర ప్రసిద్ధమై 1986లో ఔడీ క్వాట్రోయందు నడిమి డిఫరెన్షియలుగ చేరినది. చిన్న కార్లవారికి చిరపరిచితమైనది ఇంగ్లండులోని క్వైఫ్ సంస్థవారి ఎ.టి.బి. దీనియందు ప్లేట్లు లేవు. రెండు చక్రపు గేర్ల చుట్టును, డబ్బాలో తొలిచిన గుంటలయందు, ఏటవాలు పళ్లుగల చిన్న గేర్లు ఒకదానితో నొకటి కలిసి కూర్చుండును. బలము తగిలినపుడు ఏటవాలు పళ్లు ఆ గేర్లను గుంట గోడలకును కొసలకును ఒత్తగా పుట్టు రాపిడియే జారుటను అరికట్టును. ఇంజను బలము ఎంతయో రాపిడియు అంత. బలము లేనిచోట రాపిడియు లేదు. అందువలన మలుపులోనికి దిగునపుడు ఇది మామూలు డిఫరెన్షియలువలె మెత్తగనుండి, యాక్సిలరేటరు నొక్కినకొలది క్రమముగ మేల్కొనును. స్టీరింగు ఓర్పును కొలబద్దగ పెట్టుకొన్నచో ఇంతకంటె అనుకూలమైన స్వభావము ఊహింపజాలము. అరుగుటకు ప్రత్యేకపు ప్లేట్లు లేకుండుటచే ఇది గేర్ బాక్సుతో సమానముగ మన్నును; మామూలు నూనెయే చాలును. మినీయందు ఈ చివరి గుణమొక్కటియే నిర్ణాయకము కాగలదు.

దీని హద్దును కూడ అదే లెక్కతో చూడవచ్చును. ఈ రకము తక్కువ పట్టుగల చక్రము మోయు బలమునకు ఇన్ని రెట్లని ఒక నిష్పత్తిలో రెండవ చక్రమునకు ఇచ్చును. నిర్మాణమును బట్టి అది సుమారు ఒకటిన్నర మొదలు మూడు వరకు నుండును. రెండున్నర అనుకొన్నచో, లోపలి చక్రము 60 కిలోలు మోయగా బయటికి 150, మొత్తము 210: మామూలుదాని 120తో పోల్చిన ఎంత భేదము! కాని లోపలి చక్రము గాలిలోనికి లేచినచో దాని మోత సున్న. సున్నకు రెండున్నర రెట్లు సున్నయే. ప్లేట్ల రకము తన ప్రీలోడ్ మేరకు అప్పుడును బలమిచ్చును, ఇది యియ్యదు. గతుకుల మట్టిదారిలోను, పందెపు బాట అంచుగట్లమీద ఎక్కి దూకునపుడును ఈ లోపము తెలియును. దీనికి విరుగుడు డ్రైవరు ఎడమ పాదముననున్నది: యాక్సిలరేటరు వదలక ఎడమ కాలితో బ్రేకును మృదువుగ తాకించినచో, ప్రతి ముందు చక్రముపై 30 కిలోల నిరోధము పుట్టును, గాలిలోని చక్రము ఆ 30 మోయగా రెండవదానికి 75 చేరి, అందు బ్రేకు హరించిన 30 పోను 45 కిలోలు నేలకు అందును. టిమో మాకినెన్, రౌనో ఆల్టోనెన్ అను ఫిన్లాండు ర్యాలీ వీరులు మినీలను ఎడమ పాదపు బ్రేకుతో నడపుటలో ప్రసిద్ధులు. వారి ముఖ్యోద్దేశము కారు తోకను త్రిప్పుట యైనను, ఆ విద్య నేర్చినవానికి గేర్ల రకపు లోపము చాలవఱకు తీరును. అమెరికాలో తయారగు వేవ్‌ట్రాక్ వంటివి చక్రము తేలినపుడు అలవంటి అంచులుగల రెండు భాగములు ఒకదానిపై నొకటి ఎక్కి కొంత బిగింపును కల్పించునట్లు కూర్పబడి, ఈ లోపమును యంత్రముతోనే పూరింప యత్నించుచున్నవి.

కారు తయారీదారులు ఈ విషయమున ఇచ్చిన తీర్పు గమనింపదగినది. హోండా 1995లో జపానునందు 200 హార్స్ పవరు ఇంటిగ్రా టైప్ ఆర్‌కు గేర్ల రకమునే అమర్చెను. 2001 నాటి సివిక్ టైప్ ఆర్ కార్లు జపానునకును ఐరోపాకును ఇంగ్లండులోని స్విండన్ కార్ఖానానుండియే పోయినను, జపానువారి కారునకు మాత్రము ఎల్.ఎస్.డి. కలదు, ఐరోపావారికి లేదు. ఆ రెంటిని నడిపినవారు చెప్పుకొను భేదములలో ఇదియే ప్రధానము. ఫోర్డు 2002లో 215 హార్స్ పవరు ఫోకస్ ఆర్.ఎస్.కు క్వైఫ్ ఎ.టి.బి.ని అమర్చగా, ఆ కారు మలుపులలో అద్భుతముగ లాగినదనియు, వంకర రోడ్లమీద స్టీరింగును చేతినుండి గుంజుకొన్నదనియు ఒకే నోట ప్రశంసయు నిందయు పొందినది. 2009లో 305 హార్స్ పవరుతో రెండవ ఫోకస్ ఆర్.ఎస్. తెచ్చునపుడు ఫోర్డువారు డిఫరెన్షియలును మార్చలేదు. స్టీరింగు అక్షమును చక్రమునకు దగ్గరగ జరుపు రెవోనకుల్ అను కొత్త ముందు కూర్పును తెచ్చిరి. దోషము డిఫరెన్షియలునందు గాక అది తగిలియున్న స్టీరింగునందున్నదని గ్రహించిన ఆ ఇంజనీర్ల వివేకమునకు నేను చేతులెత్తి నమస్కరింతును. ఆల్ఫా రోమియో 147 క్యూ2, ప్యూజో స్పోర్టువారి 208 జి.టి.ఐ. టోర్సెన్‌ను ఆశ్రయించినవి. మొత్తముమీద రోడ్డుకై అమ్మిన ముందు చక్రముల కార్లలో ప్లేట్ల రకము అరుదు. అంతమంది అనుభవజ్ఞులు ఒకే త్రోవను ఎన్నుకొనుట కాకతాళీయము కాదు.

మిగిలిన రకములను గూర్చి విస్తరింప నవసరము లేదు. చిక్కని సిలికాను ద్రవమునందు తిరుగు రేకులచే పని చేయు విస్కస్ రకము ఫియట్ కూపే టర్బోవంటి కార్లయందు వచ్చినది. చక్రముల వేగభేదము పుట్టిన తరువాతనే అది మేల్కొనును. మెత్తనిదే గాని ఆలస్యమైనది. ద్రవము వయసుతో సత్తువ కోల్పోవును. పాత కారునకు ఈనాడు దీనిని వెదకి అమర్చుట వృథా. బ్రేకులచే లోపలి చక్రమును పట్టి బలమును బయటికి మళ్లించు ఎలక్ట్రానిక్ పద్ధతి, 2009 గోల్ఫ్ జి.టి.ఐ.లో ఎక్స్.డి.ఎస్. అను పేర వచ్చినట్టిది, నేటి కార్లయందు సర్వసాధారణము. బరువు లేదు, వ్యయము స్వల్పము, ఘాట్ రోడ్డు మలుపులకు చాలును. అయితే అది పట్టు సంపాదించునది బలమును బ్రేకులలో వేడిగ దహించియే. పందెపు బాటపై కొన్ని చుట్లు తిరుగునప్పటికి ముందు బ్రేకులు వేడెక్కి, ప్యాడ్లు తరిగిపోవును. 2013లో గోల్ఫ్ జి.టి.ఐ. పెర్ఫార్మెన్స్ రకమునకు వచ్చిన కంప్యూటరుచే బిగింపబడు క్లచ్చు డిఫరెన్షియల్ చాల సమర్థమైనదే గాని, ఆ కారు మెదడుతో విడదీయరానిది. కొని తెచ్చి మఱియొక కారునకు తగిలించు వస్తువు కాదు. రెండు గేర్లను వెల్డింగు చేసి కలిపివేయుటను గూర్చి చెప్పవలసినది ఒక్కటే: రోడ్డుమీద నడుపు ముందు చక్రముల కారునకు అది చేయరాదు.

కొనుటకు ముందు, లోపలి చక్రము ఏల తేలిపోవుచున్నదో పరీక్షింపవలెను. పలుమారు రోగము వేఱొకచోట నుండును. వెనుక యాంటీ రోల్ బారును బలపరచినచో, మలుపులో ఒరుగు భారమును వెనుక చక్రములు అధికముగ మోసి, లోపలి ముందు చక్రము నేలమీద మిగులును. వెనుక లోపలి చక్రము గాలిలోనికి లేచినను అది లాగు చక్రము కాదు కనుక చింత లేదు. మలుపులలో మూడు కాళ్లమీద పరుగెత్తు మినీల ఛాయాచిత్రములు దీనికి నిదర్శనములు. ముందు స్ప్రింగులను మితిమీరి బిగించినవారు తామే లోపలి చక్రమును లేపి, పిమ్మట దానికి మందుగ ఎల్.ఎస్.డి. కొనుట నేను తఱచు గమనించిన విపర్యాసము. టైర్లు, డ్యాంపర్లు, చక్రముల వాలు సరియైన పిమ్మటను లోపలి చక్రము తిరుగుచున్నచో, అప్పుడే డిఫరెన్షియలునకు చేయి చాపవలెను.

మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800తో ముందు చక్రముల కారు మధ్యతరగతి యింటి ముంగిటికి వచ్చినది; నేడు రోడ్లపై తిరుగు చిన్న కార్లలో అత్యధికములు ఆ జాతివే. వంద హార్స్ పవరుకు లోబడిన యింజనులతో, నిత్యము ఆఫీసునకు పోయివచ్చు స్విఫ్టుకో, ఐ20కో ఎల్.ఎస్.డి. అవసరమని నేను చెప్పజాలను. అరకు ఘాటులో వానలో ఎదురెక్కుడు మలుపున లోపలి చక్రము ఒక క్షణము జారినను, మంచి టైర్లును నెమ్మదియైన పాదమును దానికి చాలును. చెన్నై చేరువ ఇరుంగాట్టుకోట్టై బాటమీదనో, కోయంబత్తూరులోని కరి బాటమీదనో పందెమునకు దిగువారి సంగతి వేఱు. వారు మొదట చూడవలసినది తాము పోటీ చేయు తరగతి నిబంధనలను. మూల డిఫరెన్షియలును మార్చరాదను తరగతులు గలవు.

ఇక నా నిర్ణయమును స్పష్టముగ చెప్పెదను. రోడ్డుమీద నడచుచు, అప్పుడప్పుడు పందెపు బాటకు పోవు కారునకు గేర్ల రకము. అందులో వేఱు ఆలోచన అక్కరలేదు. తారుమీది పందెములకే కేటాయించి, అంచుగట్లమీద ఎక్కుచు నడపు కారునకు వన్ వే ప్లేట్ల రకము, 60 డిగ్రీలకు తక్కువ కాని వాలుతో, ప్రీలోడ్ తగ్గించి. మట్టిదారి ర్యాలీకి ప్లేట్లే, యాక్సిలరేటరు వదలినపుడు కొంచెము బిగించునట్లు. మినీయందైనచో, ఏటేట పెట్టెను దించి విప్పుటకు సంసిద్ధుడైన పందెగానికి తప్ప తక్కినవారికి, నూనె ఒక్కటే యగుటచేత, గేర్ల రకమే.

ఏ రకమును కొన్నను అమర్చుటయందు అశ్రద్ధ పనికిరాదు. చిన్న కార్లలో డిఫరెన్షియల్ గేర్ బాక్సు గర్భముననే యుండుటచే గేర్ బాక్స్ దించక తప్పదు. దించిన తరువాత పాత బేరింగులను తిరిగి వాడుట పొదుపు కాదు. కొత్త డబ్బా కొలతలు పాతదానితో ఒక వెండ్రుక వాసి భేదించినను బేరింగుల బిగింపు మారును కనుక షిమ్ములను మరల కొలిచి వేయవలెను. క్రౌన్ వీల్ బోల్టులు కొత్తవి వేసి టార్క్ రెంచితో బిగింపవలెను. ప్లేట్ల రకమైనచో, పెట్టె కారునకు ఎక్కించిన వెంటనే, ఒక ముందు చక్రమును జాకీపై లేపి, రెండవదానిని నేలనానించి, గేరును న్యూట్రలునందుంచి, లేపిన చక్రము నడిమి నట్టుకు టార్క్ రెంచి తగిలించి, చక్రము కదలుటకు ఎన్ని న్యూటన్ మీటర్లు పట్టినదో వ్రాసియుంచవలెను. తరువాత ఖాళీ మైదానమున కారును మెల్లగ ఎనిమిది అంకె ఆకారమున ఇరువైపుల చాలమారులు త్రిప్పి, ప్లేట్లను ఒకదానికొకటి అలవాటు చేసి, ఆ మొదటి నూనెను వేడిగనుండగనే దించి, కొత్త నూనె పోసి, మరల అదే విధమున కొలిచి, రెండవ అంకెను మొదటిదాని ప్రక్కన వ్రాయవలెను. ప్రతి పందెపు ఋతువు చివరను అదే కొలత తీసికొనుచు, ఆ రెండవ అంకె సగమునకు పడిపోయిన నాడు ప్లేట్లను మార్పించుకొనవలెను.